ఙ దొరికిన ఊరు

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో నేను అద్దెకు దిగిన బోర్డింగ్ హౌస్ గేటుకు ఒక రేకు బోర్డు వేలాడేది. దాని మీద "పారా సా" అని ఉండేది, ఆ తర్వాత ఎం, జీ, ఏ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు, చివర "ఎస్తుద్యాంతే". ఈ ఇల్లు విద్యార్థుల కోసం అని దాని అర్థం. మధ్యలోని మూడక్షరాలను నేను "మ్గా" అని చదువుకున్నాను. వారం తిరిగేసరికి ఆ మూడక్షరాలు ఎక్కడ చూసినా అవే. జీప్నీ అనే ఇక్కడి షేర్ బండిలో అతికించిన కాగితాల మీద, చర్చి గోడ మీద, ఆసుపత్రిలో వరుసగా నిలబడే చోట, కూరగాయల కొట్టు ముందు అట్టముక్క మీద. ఇన్ని చోట్ల రాసి ఉన్న మాట జనం నోట ఒక్కసారి కూడా నాకు వినబడలేదు. అదే నాకు వింతగా తోచింది.

మాది ఒంగోలు. డాక్టర్ చదువు కోసం ఫిలిప్పీన్స్ వెళ్లిన తెలుగు పిల్లల్లో నేనూ ఒకదాన్ని. క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే, అందుకని మొదట్లో భాష గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ రోగి దగ్గరకు వెళ్లే రోజు వస్తుంది. దవావోలో జనం మాట్లాడేది బిసాయా. పుస్తకాల్లో దాన్ని సెబువానో అంటారు. టీవీలో, బడిలో వినిపించే తగాలోగ్ కూడా అందులో కలిసిపోతుంటుంది. కడుపునొప్పితో వచ్చిన పెద్దావిడ ఇంగ్లిష్‌లో చెప్పదు. ఆవిడ మాట ఆవిడ భాషలో వినకపోతే నేను డాక్టర్ని ఎలా అవుతానన్న దిగులు మొదటి నెలలోనే పట్టుకుంది. అందుకే ఒక నోటు పుస్తకం పెట్టుకుని, విన్న మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇంటి యజమానురాలిని మేమంతా "ఆతె" అనేవాళ్లం. ఆతె అంటే అక్క. ఒక సాయంత్రం ఆవిడను గేటు దగ్గరకు తీసుకెళ్లి, ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి చదవమన్నాను. ఆవిడ చదివింది. నాకు "మంగా" అని వినిపించింది. నేనూ "మంగా" అన్నాను. ఆతె తల అడ్డంగా ఊపి, వంటింట్లోకి వెళ్లి ఒక మామిడిపండు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు అన్నది ఇది" అంది. బోర్డు వైపు చూపించి మళ్లీ పలికింది. రెండింటికీ తేడా ఉందని తెలుస్తోంది కానీ, ఆ తేడా ఎక్కడుందో నా చెవి పట్టుకోలేకపోయింది.

పట్టిచ్చింది నా రూమ్మేట్. తనది కేరళలోని త్రిసూర్. అదే మాటను మొదటిసారే ఆతె పలికినట్టు పలికేసింది. ఎలా వచ్చిందని అడిగితే, "మా భాషలో మామిడికాయను ఏమంటామో తెలుసా, మాఙ్ఙ" అంది. అప్పుడు వినిపించింది నాకు. గ లేదు! ముక్కులోంచి వచ్చే శబ్దం ఒక్కటే ఉంది, దాని వెనక గ తలుపు తెరుచుకోవడం లేదు.

మనం బడిలో క ఖ గ ఘ ఙ అని పాడుతూ వల్లెవేశాం. మా వాచకంలో క పక్కన బొమ్మ ఉంది, గ పక్కన బొమ్మ ఉంది, ఙ గడిలో మాత్రం ఏమీ లేదు. వాఙ్మయం అనే ఒక్క మాట కోసం ఆ అక్షరం ఉందని టీచర్ చెప్పారు. అక్కడితో దాన్ని మర్చిపోయాను. నిజానికి ఆ శబ్దం మన నోట్లో రోజూ పుడుతుంది. వంగ, రంగు, మంగళవారం, బంగాళదుంప అన్నప్పుడు సున్నా దగ్గర మనం పలికేది ఙ శబ్దమే. కాకపోతే వాఙ్మయం లాంటి ఒకటీ అరా తప్పిస్తే, మన నోట్లో దాని వెనకే క, గ లాంటి అక్షరం ఒకటి తప్పకుండా వస్తుంది. ఒంటరిగా రాదు. అందుకే ఆతె "మఙా" అన్నా, లేని గకారాన్ని నా చెవే తెచ్చి అతికించుకుంది.

సాధన కోసం ఒక దారి నేనే వెతుక్కున్నాను. మా వీధిలో మంగ అని ఒకావిడ ఉండేది. ఆ పేరు పిలవబోయి, సున్నా దగ్గర నాలుక వెనక భాగం అంగిలికి తగిలిన చోటే ఆగిపోవాలి. గాలి ముక్కులోంచి పోతూ ఉండాలి. అక్కడినుంచి గ అనకుండా నేరుగా "ఆ"లోకి జారాలి. మంగ్... మఙ్... మఙా. మొదటి రోజు పదిసార్లలో తొమ్మిదిసార్లు గ వచ్చేసేది. ముక్కు మీద వేలు పెట్టుకుంటే సాయంగా ఉండేది. శబ్దం ఆగకుండా వణుకుతుంటే సరిగ్గా పలుకుతున్నట్టు, మధ్యలో ఠక్కున తెగిపోతే గ దూరినట్టు. ఊనిక రెండో అక్షరం మీద ఉండాలి, కానీ సాగదీయకూడదు. మెట్లు ఎక్కుతూ, బట్టలు ఉతుకుతూ పది రోజులు అదే పని. చివరికి ఒక రాత్రి ఆతె దగ్గరకు వెళ్లి "మఙా మంగా" అన్నాను. అంటే మామిడిపళ్లు. ఆవిడ ఏమీ అనకుండా ఇంకో పండు చేతిలో పెట్టింది.

ఆ పండు పేరుకు మనవైపు చుట్టరికం ఉంది. తమిళంలో మాంగాయ్ అంటారు. ఆ మాటే మలయ్ భాష మీదుగా ఈ దీవులకు చేరి మంగా అయింది. మలయాళం మాఙ్ఙ పోర్చుగీసు వాళ్ల నోటబడి, ఇంగ్లిష్‌లో మ్యాంగో అయింది. నా రూమ్మేట్ తన ఊరి మాటతో నాకు ఈ ఊరి ఉచ్చారణ నేర్పిందంటే నాకు ఇప్పటికీ ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

బహువచనం మాట మాత్రం పండు కాదు. మఙా అనేది మన "లు" చేసే పని చేస్తుంది, కానీ మాటకు ముందు, విడిగా నిలబడి. బాతా అంటే పిల్లవాడు, మఙా బాతా అంటే పిల్లలు. బాలాయ్ అంటే ఇల్లు, మఙా బాలాయ్ అంటే ఇళ్లు. మాట రూపం మారదు, సంధి లేదు. చదివే పద్ధతి తెలిశాక మిగతావి కూడా దారికొచ్చాయి. ఇక్కడి రాతలో ఎన్, జీ పక్కపక్కన ఉంటే ఙ. మన "ంగ" రాయాలంటే జీ రెండుసార్లు రాస్తారు, మామిడిపండుకు రాసినట్టు. బంకెరోహాన్ మార్కెట్‌లో నేను చాలా రోజులు "బంగుస్" అని అడిగిన చేప నిజానికి బఙుస్. పన్ను ఙిపోన్, పేరు ఙాలన్. పెద్ద ఇల్లు అనడానికి "దాకో ఙా బాలాయ్" అంటారు. ఆ మధ్యలో ఉన్న ఙా రెండు మాటల్ని కలిపే ముడి. అది లేకుండా బిసాయాలో రెండు వాక్యాలు నడవవు. మా వాచకంలో ఖాళీ గడిలో ఉన్న అక్షరం ఇక్కడ మాట మొదట్లో, మధ్యలో, చివర అన్నిచోట్లా దర్జాగా తిరుగుతోంది.

అదే సమయంలో ఆతె నా పాస్‌పోర్ట్ కాపీ చూసి, పుట్టిన ఊరు చదివింది. "ఒఙోలె" అంది. ఇంగ్లిష్‌లో మన ఊరి పేరుకు జీ ఒక్కటే కదా, వాళ్ల లెక్కలో అది ఙ. నేను వాళ్ల మాటలో లేని గ పెట్టాను, ఆవిడ మా ఊరి పేరులో ఉన్న గ తీసేసింది. ఇద్దరం చదవడం నేర్చుకున్న పద్ధతికి కట్టుబడే చదివాం.

పలకడం వచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకున్నాను. కాలేదు.

మూడో సంవత్సరంలో బరాంగాయ్ ఆరోగ్య కేంద్రానికి పంపారు. బరాంగాయ్ అంటే మన గ్రామ పంచాయతీలాంటిది. ఒక తల్లి వివరాలు అడిగి, అక్కడి ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి. ఆవిడకు ముగ్గురు పిల్లలు. ముగ్గురంటే బహువచనమే కదా, తెలుగులో మూడు పుస్తకం అనం, మూడు పుస్తకాలు అంటాం. అదే పద్ధతిలో "మఙా తులో కా అనాక్" అన్నాను. కార్యకర్త రాయడం ఆపి నా వైపు చూసింది. "మఙా?" అని అడిగింది. నేను గట్టిగా అవునన్నాను. ఆవిడ లేచి తల్లి దగ్గరకు వెళ్లి, సరిగ్గా ఎంతమంది పిల్లలని తానే మళ్లీ అడిగింది. ఆ తల్లి ముఖం చిన్నబోయింది. కార్యకర్త తిరిగొచ్చి నాకు నెమ్మదిగా చెప్పింది. అంకె ఉంటే మఙా అక్కర్లేదు, తులో కా అనాక్ అంటే చాలు. అంకె ముందు మఙా పెడితే దాని అర్థం "సుమారుగా". అంటే నేను ఆ తల్లికి ఓ ముగ్గురు పిల్లలు ఉండొచ్చు అన్నాను. కన్న పిల్లల లెక్క తల్లికి తెలియదన్నట్టు ఆవిడ ముందే మాట్లాడాను. వెళ్లి క్షమించమని అడిగాను. ఆవిడ నా చెయ్యి తట్టింది.

ఆ తర్వాత ఆలోచిస్తే ఇది మనకు కొత్త కాదనిపించింది. మనం "ఓ పదిమంది వచ్చారు" అంటాం. ఆ "ఓ" పెట్టగానే పది గట్టి అంకెగా ఉండటం మానేస్తుంది, ఎనిమిదీ కావచ్చు, పన్నెండూ కావచ్చు. మఙా కూడా అంతే. ఆతె "మఙా అలాస్ సైస్"కు వస్తానంటే ఆరు అటూ ఇటూ అని. నేను సరిగ్గా ఆరింటికి గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన సాయంత్రాలు ఎన్నో.

క్లర్క్‌షిప్‌లో, అంటే మా చివరి సంవత్సరం ఆసుపత్రి డ్యూటీలో, ఈ చిన్న మాట బరువు నాకు పూర్తిగా తెలిసింది. వర్షాకాలం. డెంగీ కేసులతో పిల్లల వార్డు నిండిపోయింది. ఒక శుక్రవారం పొద్దున ఎనిమిదేళ్ల బాబును తల్లి తీసుకొచ్చింది. ఎన్ని రోజులుగా జ్వరమని అడిగాను. "మఙా తులో కా అద్లావ్" అంది. అద్లావ్ అంటే రోజు. నేను కేస్ షీట్‌లో జ్వరం 3 రోజులు అని రాశాను. బాబుకు జ్వరం అప్పటికే తగ్గుముఖం పట్టింది. తల్లి కాస్త తెరిపిన పడింది, నేను కూడా.

సీనియర్ డాక్టర్ షీట్ చూసి, "ఆవిడ ఏ మాటలతో చెప్పింది, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. చెప్పాను. "మఙా ఎక్కడుంది నీ షీట్‌లో?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పలకడానికి పది రోజులు కష్టపడ్డ మాటను, అందరికంటే బాగా వినాల్సిన చోట నేను వినలేదు. ఆయన వెళ్లి ఆ బాబు తల్లి పక్కన కూర్చుని వేరేలా అడిగారు. ఎన్ని రోజులని కాదు, సోమవారమా, మంగళవారమా, ఏ వారం నాడు మొదలైందని. ఆవిడ వేళ్లు మడిచింది. ఆదివారం రాత్రి ఒళ్లు వెచ్చబడింది, సోమవారం కూడా అలాగే ఉంది, కానీ పిల్లాడు ఆడుకుంటున్నాడని దాన్ని జ్వరం కింద వేసుకోలేదు. బాగా కాలిపోవడం మొదలైన దగ్గర్నుంచి లెక్కపెట్టి మఙా తులో అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, తనకు ఖచ్చితంగా తెలియదని ఆ ఒక్క మాటలో నాకు చెప్పింది.

డెంగీలో రోజుల లెక్కకు చాలా విలువ ఉంది. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, జ్వరం దిగే సమయంలోనే ప్రమాదం వస్తుంది. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బీపీ తగ్గిపోవచ్చు. ఎన్ఎస్1 పరీక్ష మొదటి రోజుల్లో బాగా పట్టిస్తుంది, ఐజీఎం అనే యాంటీబాడీ సుమారు అయిదో రోజు తర్వాత కనిపిస్తుంది. మూడో రోజా, అయిదో రోజా అన్నదాన్ని బట్టి ఏ పరీక్ష చేయాలో, ఎంత దగ్గరగా కనిపెట్టుకుని ఉండాలో మారిపోతుంది. ఆ బాబుకు గంటగంటకూ నాడి, బీపీ చూశారు, సెలైన్ లెక్కకట్టి ఎక్కించారు, రక్త పరీక్ష మళ్లీ మళ్లీ చేశారు. నాలుగు రోజులకు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆ రోజు నుంచి నా కేస్ షీట్‌లో మఙా అని విన్న ప్రతిచోటా "సుమారు" అని రాసి, కింద వారం పేరు అడిగి రాస్తాను.

ఇంత పని చేసే మాటకు ఈ వింత స్పెల్లింగ్ ఎందుకు వచ్చిందన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. జవాబు ఆతె ఇంట్లోనే దొరికింది. వాళ్ల కుటుంబం తగాలోగ్ మాట్లాడే లుజోన్ దీవి నుంచి వలస వచ్చింది. పవిత్ర వారంలో ఆతె తన అమ్మమ్మ తగాలోగ్ ప్రార్థన పుస్తకం బయటికి తీసింది. పేజీలు ముట్టుకుంటే రాలిపోయేలా ఉన్నాయి. అందులో అదే మూడక్షరాల మాట ఉంది, కానీ జీ మీద ఒక చిన్న అల గీత ఉంది. ఇంకొన్ని చోట్ల ఎం తర్వాత ఏ, ఎన్ కూడా చేర్చి పూర్తిగా రాసి ఉంది. అప్పుడు అర్థమైంది. ముందు నుంచీ ఆ మాట మఙాయే. స్పానిష్ అక్షరాల్లో ఙ లేదు. అందుకని ఎన్, జీ రాసి, ఇది విడి న, విడి గ కాదు, ఒకటే శబ్దం అని చెప్పడానికి పైన అల గీత పెట్టేవాళ్లు. చేతిరాతలో మాటిమాటికీ వచ్చే మాటను కుదించడం ఆ కాలపు రాయసగాళ్ల అలవాటు. వదిలేసిన అక్షరానికి గుర్తుగా పైన గీత పెట్టడమూ వాళ్ల అలవాటే. మఙా చాలా ఎక్కువసార్లు వచ్చే మాట కాబట్టి దాన్ని బాగా కుదించారు. తర్వాతి కాలంలో పైన గీత కూడా పోయింది. మిగిలింది మూడక్షరాలు. చదివేవాడికి అచ్చు ఎక్కడుందో, ముక్కు శబ్దం ఎక్కడుందో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. తగాలోగ్‌లో "నఙ్" అని పలికే ఇంకో చిన్న మాటకూ ఇదే జరిగింది, దాన్ని ఎన్, జీ అని రెండక్షరాలే రాస్తారు. ఆ కుదింపు పుట్టిన కాలం పోయినా, జనం చేతికి అలవాటైన రూపం పోలేదు.

ఙ కి మాత్రం తర్వాత న్యాయం జరిగింది. 1940 నాటి లోపె కె. సాంతోస్ వ్యాకరణంలోని అబాకాదా అనే 20 అక్షరాల వర్ణమాలలో దానికి సొంత చోటు ఇచ్చారు. లా, మా, నా, ఙా అని పిల్లలు వల్లెవేసేవారట. 1987లో వచ్చిన 28 అక్షరాల వర్ణమాలలో కూడా అది విడి అక్షరమే.

బిసాయా, తగాలోగ్ ఒక్కటే కాదు. హిలిగాయ్‌నోన్, వారాయ్, బికోల్ భాషల్లో కూడా ఇదే మాట. దవావోలో బట్టల కొట్లు నడిపే మరనావ్ వాళ్లు దీన్ని కుదించకుండా పూర్తిగానే రాస్తారు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది జాంబోవాంగా నగరంలో మాట్లాడే చవకానో భాష. దాని మాటలు చాలావరకు స్పానిష్‌వి. అయినా బహువచనానికి వాళ్లు ఎక్కువగా స్పానిష్ ప్రత్యయం బదులు ఈ మాటనే పెడతారు. మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ ఏలిన దేశంలో, స్పానిష్ నుంచే పుట్టిన భాష లోపలికి ఈ చిన్న మాట నడిచి వెళ్లి కూర్చుంది.

స్పానిష్ వాళ్లు రాకముందు ఇక్కడ బైబాయిన్ అనే లిపి ఉండేది. 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకంలో ఆ లిపి ఉంది. మన తెలుగు లిపిలాగే అదీ బ్రాహ్మీ కుటుంబానిదే. 17 అక్షరాలు. హల్లు రాస్తే అందులో అకారం ఉన్నట్టే, గుర్తు మారిస్తే ఇకారమో ఉకారమో అవుతుంది. అందులో ఙ కి సొంత అక్షరం ఉంది. ఆ లిపిలో మఙ రాయాలంటే రెండే అక్షరాలు, మ, ఙ. గీతలు అక్కర్లేదు, కుదింపు అక్కర్లేదు. ఈ సంగతి తెలిసిన రాత్రి నా నోటు పుస్తకం తీసి చూసుకున్నాను. మొదటి నెల నుంచి నేను రాసుకున్నదీ అదే.

నా ఇంటర్న్‌షిప్ ముగిసే ముందు ఆతె ఆ పుస్తకం చూస్తానంది. గేటు మీద ఉన్న మాట మీ లిపిలో ఎలా ఉంటుందో రాయమంది. మఙా అని రాశాను. అందులో రెండో అక్షరం బడి వదిలాక నేను వాడింది మీ ఊళ్లోనే అని చెప్పాను. ఆవిడ దాని మీద వేలితో రెండుసార్లు దిద్దింది. తర్వాత మీ ఊరి పేరు రాయమంది. ఈసారి ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాశాను, కానీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు కాదు. వాళ్ల పద్ధతిలో జీ రెండుసార్లు రాసి, చివర యూ పెట్టాను.

"ఒంగోలు" అని చదివింది ఆతె. ఆ ఇంట్లో ఆరేళ్లున్నాను, ఆవిడ నోట మా ఊరి పేరు అంత తేటగా వినడం అదే మొదటిసారి.